నైరోబీ నుంచి లాగోస్‌కు ఒక మూట

పాలమూరు నుంచి వలసొచ్చి మేముండే కామాటిపురా చాల్‌లో, ఆ ఇరుకు గదుల వరుసల్లో, దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు, పాలమూరు బస్సుతో కొలుస్తారు. సాయంత్రం పక్కనున్న నాగ్‌పాడాలో ఎక్కితే తెల్లారి ఊళ్లో దిగుతాం. అంతకన్నా తక్కువైతే దగ్గర, ఎక్కువైతే దూరం. బస్సెక్కేవాడి చేతికి ఇంటికొకరు చొప్పున అక్కడి చుట్టాల కోసం మూటలు అంటగడతారు. తిరిగొచ్చేవాడికి ఊరివాళ్లు అంటగడతారు. వద్దన్నవాడికి పొగరని పేరు.

కాబట్టి మా పెద్దమ్మ చిన్నకొడుకు భవనాల పనికి నైరోబీ బయలుదేరినప్పుడు, ఆమె మూట కట్టడం ఎవరికీ వింతగా తోచలేదు. పెద్దకొడుకు అప్పటికే లాగోస్‌లో అలాంటి పనిలోనే ఉన్నాడు. ఇద్దరూ ఆఫ్రికాలోనే కదా! కారప్పొడి, ఎండు జొన్నరొట్టెలు, ఉసిరికాయ తొక్కు. "అన్నకియ్యి బిడ్డా" అంది. అవి రెండు వేర్వేరు దేశాలని చెప్పబోతే నా నోరు మూయించారు.

కొన్నాళ్లకు లాగోస్‌లో పెద్దన్నకు మలేరియా వచ్చింది. జ్వరం తగ్గినా నోటికి ఏదీ సయించడం లేదని, అమ్మ తొక్కు ఉంటే నాలుగు ముద్దలు దిగేవని ఫోన్‌లో అన్నాడు. పెద్దమ్మ ఏడ్చింది. తొక్కేమో నైరోబీలో చిన్నన్న మంచం కింద ఉంది.

ఆ సాయంత్రమే గదుల ముందున్న గ్యాలరీలో పంచాయితీ కూర్చుంది. కింది గదిలో ఉండే మామ ఫోన్ తీసి, మూడువేల ఎనిమిది వందల కిలోమీటర్లని చదివాడు. అంకె వినగానే అందరి ముఖాలూ వాడిపోయాయి. ఆయన మళ్లీ వేలు ఆడించి, "విమానంల ఖాలీ ఐదే గంటలు!" అని అరిచాడు. మా బస్సు రాత్రిలో సగం కూడా కాదు! ఆ ఫోన్ విమానాన్ని గీత గీసినట్టు తిన్నగా ఎగరేసి చూపించింది. వీసా, సెలవు, టికెట్ సంగతి దాన్ని మావాళ్లు అడగలేదు.

"సొంత అన్న కాడికి పోనీకి ఐదు గంటలు దొరుకుతలేవా వానికి? మస్తు బలిసిండు" అంది పక్కింటి అత్త.

"మూట అందేదాంక వానితోని మాట్లాడ" అంది పెద్దమ్మ.

అన్నంత పనీ చేసింది. చిన్నన్న ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తేది కాదు. పొద్దంతా సిమెంటు దుమ్ములో పనిచేసి, మా ఇంటికి ఫోన్ చేసి "అమ్మ బువ్వ తిన్నదా?" అని అడిగేవాడు.

ఒకరోజు నేనే వీడియో కాల్ కలిపి పెద్దమ్మ చేతిలో పెట్టాను. గుమ్మం నిండా జనం. ఆమె ఫోన్‌లో కొడుకు ముఖం చూస్తూ కూర్చుంది.

"వీసాకు పెట్టిన అమ్మా, సెలవు ఇంకియ్యలె" అన్నాడు చిన్నన్న.

"ఐదు గంటలే గదరా!" అని గుమ్మంలోంచి అరిచాడు మామ.

చిన్నన్న ఫోన్‌కు ముఖం దగ్గరగా తెచ్చి, "అమ్మా, నీ ఎనక గోడ మొలకు ఏలాడేది ధారావి చిన్నమ్మ మూట గాదా? నేను ఈడికి రాకముందు ఊరోళ్లు పంపిందే?" అని అడిగాడు.

అదే మూట. ధారావిలో నడుం విరిగి మంచాన పడ్డ సొంత చెల్లెలికి ఇమ్మని పెద్దమ్మకు ఊరివాళ్లు పంపినది. ధారావి మాకు లోకల్ రైల్లో కూర్చోవడానికి చోటు దొరికేలోపే వచ్చేస్తుంది. అది ఎంత దూరమో మాత్రం ఎవరూ ఫోన్ తీసి చూడలేదు. మామ జారుకోవడానికి చెప్పులు వెతుక్కున్నాడు.

పెద్దమ్మ వెనక్కి తిరిగి గోడకున్న మొలవైపు చూసింది. ఫోన్ పక్కకు జరిపింది, మూట కనబడకుండా. ఇన్నాళ్లకు నోరు విప్పింది.

"బువ్వ తిన్నవా బిడ్డా?"