ఒక కార్డు, మూడు షిఫ్టులు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, గాజువాక దాటాక వచ్చే ఒక కాలనీలోని శాఖా గ్రంథాలయానికి నన్ను బదిలీ చేశారు. హోదా గ్రేడ్-2 గ్రంథపాలకురాలు. పేరు బరువుగానే ఉంటుంది గానీ ఆ భవనంలో ఉద్యోగులం ఇద్దరమే, నేనూ, అటెండరు సూరమ్మా. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు పనివేళలు. సీతమ్మధారలో మా ఇంటికి మధ్యలో వెళ్లి రావాలంటే సగం రోజు సిటీ బస్సులోనే పోతుంది. అందుకని క్యారేజీ తెచ్చుకుని అక్కడే ఉండిపోయేదాన్ని.

చేరిన మూడో రోజున వాట్సాప్‌లో ఒక సర్క్యులర్ వచ్చింది. వయోజనుల వేసవి పఠన కార్యక్రమం. పిల్లలకు వేసవి శిబిరాలు నడపడం మాకు అలవాటే, కథలు చెప్పించి, బొమ్మలు వేయించి, చివరి రోజున బిస్కెట్ ప్యాకెట్లు పంచితే అయిపోతుంది. పెద్దవాళ్ల చేత ఎలా చదివించాలో నాకు తెలియదు. సర్క్యులర్ ప్రకారం చేరిన ప్రతి సభ్యుడికీ ఒక పచ్చ కార్డు ఇవ్వాలి. ఒక పుస్తకం చదివి తెస్తే గుండ్రటి ముద్ర వేయాలి. అయిదు ముద్రలు పడ్డాక కార్డు కింద ‘పూర్తి చేసెను’ అన్నచోట నేను సంతకం పెట్టాలి. ప్రతి శనివారం సాయంత్రం సమావేశం, అందులో చదివినవాళ్లు తమ పుస్తకం గురించి మాట్లాడాలి.

చివరి పేరా చదివాక కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. మే నెలాఖరుకు ఇరవై కార్డులు పూర్తి కాని శాఖల్లో సాయంత్రం వేళ రద్దవుతుంది. అక్కడి గ్రంథపాలకులు సాయంత్రాలు మరో శాఖకు ఇన్‌చార్జిగా వెళ్లాలి. ఇన్‌చార్జి అంటే ఒకే జీతానికి రెండు తాళంచెవుల గుత్తులు. నా సంగతి అలా ఉంచితే, ఆ కాలనీలో ఉదయం పూట గ్రంథాలయానికి ఎవరూ రారు. జనం వచ్చేదే సాయంత్రం.

‘పూర్తి చేయుట’ అంటే ఏమిటో మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. పై కార్యాలయానికి ఫోన్ చేసి అడిగాను. “చదివించండమ్మా, అంతే” అని పెట్టేశారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో నా ముద్రకు ఒక విలువ ఉందని నమ్ముతూ వచ్చినదాన్ని. దేని మీద వేస్తున్నానో తెలియకుండా వేయడం ఇష్టం లేకపోయినా, వేయడం మొదలుపెట్టాను.

చేరినవాళ్లలో పైడిరాజు అనే అతను ఉన్నాడు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చినవాడు. నవల తీసుకువెళ్లిన నాలుగో రోజున దాన్ని తిరిగి తెచ్చింది వేరే మనిషి. కార్డు మాత్రం పైడిరాజుదే. ఇంకో వారానికి మూడో మనిషి వచ్చాడు, మళ్లీ అదే కార్డు. దొరికిన కార్డు వాడుకుంటున్నారేమోనని అనుమానం వచ్చి సూరమ్మను అడిగాను.

“ఆల్లు ముగ్గురూ ఒక గదిలో ఉంతన్నారు మేడం. ఒకడు పైడిరాజు, ఒకడు ఆడి బావ అప్పలనాయుడు, ఇంకోడు గణేసు. మా ఈదిలోనే” అంది సూరమ్మ.

స్నేహితుడి పుస్తకం తిరిగి ఇచ్చి వెళ్తున్నారు కాబోలు అని ఊరుకున్నాను. కానీ లెక్క నాకు అంతుపట్టలేదు. ఎనిమిది గంటలు మిషన్ దగ్గర నిలబడే మనిషి అయిదారు రోజులకొక నవల ఎలా చదువుతాడు? పింఛను తీసుకుంటూ ఖాళీగా ఉన్నవాళ్లకే వారం పది రోజులకొకటి అవుతోంది. మే మూడో వారానికి పైడిరాజు కార్డు మీద ఆరు ముద్రలు పడ్డాయి, మా శాఖలో అవే ఎక్కువ. నేను సంతకం పెట్టకుండా సమావేశంలో మాట్లాడాక చూద్దామని ఆపాను.

మే చివరి శనివారానికి సంతకం పడిన కార్డులు పంతొమ్మిది. ఇరవయ్యోది పైడిరాజుది. ఆ సాయంత్రం అతను ఏడో నవల గురించి మాట్లాడాడు. ఒక పడవ కోసం ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కే కథ. వాయిదా కోసం తమ్ముడు తెల్లారగట్ల సద్దన్నం మూట కట్టుకుని నడిచి వెళ్లడం, కోర్టు వరండాలో అన్న కనబడితే అలవాటు కొద్దీ మూట విప్పబోవడం అతను చెబుతుంటే హాలులో ఎవరూ కదల్లేదు. మాట్లాడించాలన్న ఉత్సాహంతో, ఇంతకీ వాళ్లకు గొడవ ఎందుకు వచ్చిందని అడిగాను.

పైడిరాజు నా వైపు కాస్త వింతగా చూశాడు. “అది గణేసు డ్యూటీలో అయిపోనాది మేడం. నాను ఎక్కీసరికే ఆల్లు ఇడిపోయి ఉన్నారు.”

హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, అర్థం కూడా కాలేదు. మరి చివరికి ఏమవుతుందని అడిగాను.

“తెల్దు మేడం. మా బావ సదువుతన్నాడు. ఇంకా అవ్వలేదు.”

సమావేశం అయ్యాక పక్కకు పిలిచి గట్టిగానే అడిగాను. అతను దాచిందేమీ లేదు. సభ్యత్వానికి స్థానిక చిరునామా చూపాలని మా నియమం. గది అద్దె కాగితం పైడిరాజు పేరు మీద ఉంది కాబట్టి అతనికే కార్డు వచ్చింది. ముగ్గురూ ఒకే మిషన్ మీద మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు. ఎ షిఫ్టు పొద్దున ఆరు నుంచి రెండు వరకు, బి రెండు నుంచి పది వరకు, సి పది నుంచి మళ్లీ ఆరు వరకు. వారం వారం షిఫ్టులు మారతాయి. ఒకడు దిగేసరికి ఇంకొకడు ఎక్కాలి, మిగిలినవాడు నిద్రలో ఉంటాడు కాబట్టి, ముగ్గురూ కలిసి కూర్చోవడం కుదరదు. పుస్తకం గదిలోనే ఉంటుంది. గదిలో ఎవరు మెలకువగా ఉంటే వాళ్లు, ముందువాడు ఆపిన పేజీ నుంచి అందుకుంటారు.

మొదటి నుంచి చదవాలని ఎవరికీ అనిపించలేదా అన్నాను.

“వొచ్చినోడు మిషన్ ఆపీసి మల్లీ మొదట్నించి తిప్పడు కదా మేడం” అన్నాడు పైడిరాజు. “బుక్కు ఉంది కదా. అందులో రాసీసి ఉంతాది.”

మర్నాడు ఆ బుక్కు తెచ్చి చూపించాడు. రెండు వందల పేజీల నోటు పుస్తకం. ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు మిషన్ పరిస్థితి రాసి సంతకం పెట్టే లాగ్ బుక్ ఉంటుందట, అదే పద్ధతిలో గళ్లు గీశారు. ‘గణేష్. పేజీ 1 నుంచి 58. పరిస్థితి: అన్నదమ్ములు విడిపోయారు, తప్పు పెద్దోడిది. పెండింగ్: పడవ ఎవరిదో తేలలేదు. జాగ్రత్త: మేనమామ మాట నమ్మకు.’ దాని పక్కన పైడిరాజు సంతకం, రిలీవర్‌గా. రిలీవర్ అంటే తరవాత డ్యూటీ ఎక్కేవాడు. అలా ఏడు నవలలూ ఉన్నాయి. మా శాఖలో ఏ పాఠకుడూ ఏ పుస్తకం గురించీ అంత రాయలేదు.

ఇప్పుడు ఇది ఒక పాఠకుడా, ముగ్గురా, అసలు ఎవరూ కాదా? ఒక్క నవలనైనా ఆ ముగ్గురిలో ఏ ఒక్కడూ మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. కానీ పూర్తయిన ఆరింటిలో వాళ్లు చదవని పేజీ కూడా ఒక్కటి లేదు. నేను రోజంతా తల పట్టుకుని కూర్చున్నాను. పై కార్యాలయానికి విషయమంతా వివరిస్తూ మెయిల్ పంపాను. ‘నిబంధనల ప్రకారం తగు చర్య తీసుకొనవలెను’ అని జవాబు వచ్చింది. ఏ నిబంధన లేదని అడిగానో ఆ నిబంధన ప్రకారమే చేయమన్నారు.

సూరమ్మకు మాత్రం ఏ గందరగోళమూ లేదు. “నాను ఒండిన కూర ఇంట్లో నలుగురూ పంచుకు తింటే ఎవులూ తిన్లేదని రాస్తారేటి మేడం? సంతకం ఎట్టీండి” అంది.

పెట్టలేకపోయాను. ‘పూర్తి చేసెను’ అని ఏకవచనంలో అచ్చయి ఉంది, ఎవరు చేసెనో రాయాలంటే చెయ్యి ఆడలేదు. నివేదికలో పంతొమ్మిది అని వేసి, రిమార్కుల గడిలో ఈ కార్డు సంగతి పట్టినంత మేర రాశాను. పైవాళ్లు చదివి నిర్ణయిస్తారని నా ఆశ. రిమార్కుల గడి ఎవరూ చదవరని అన్నేళ్ల సర్వీసు తరవాత కూడా నాకు తట్టలేదు. జూన్ రెండో వారంలో మా శాఖ సాయంత్రం వేళ రద్దయింది.

ఆర్డరు వచ్చిన మూడో రోజు ఉదయం, తలుపులు తీసేసరికి మెట్ల మీద అప్పలనాయుడు కూర్చుని ఉన్నాడు. సి షిఫ్టు దిగి నిద్రపోకుండా నేరుగా వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పడవ నవల, దానితో పాటు నోటు పుస్తకం బల్ల మీద పెట్టాడు. గడువు దాటిపోతోందని తెచ్చానన్నాడు. ఇంకా కొన్ని పేజీలు మిగిలాయట. పొడిగిస్తాను, ఉదయం పూట రండి అన్నాను.

“కుదర్దు మేడం. పొద్దున్న ఒకడు డ్యూటీలో, ఒకడు నిద్దర్లో, ఉన్నోడు కొలాయి కాడ నీల్లు పట్టాల, ఒండాల. సాయంత్రం అయితేనే అయ్యీది.”

నామీద కోపం ఉందేమోనని చూశాను. కనబడలేదు, అది ఇంకా బాధించింది. ఆఖరి పేజీ తీసి నాకు చూపించాడు. ‘అప్పలనాయుడు. 172 వరకు. పరిస్థితి: కేసు తమ్ముడు గెలిచాడు, పడవ మునిగిపోయింది. పెండింగ్: అన్నదమ్ములు కలుస్తారో లేదో. రిలీవర్: లైబ్రరీ మేడం.’ సంతకం చోట ఖాళీగా ఉంది. ఇదేమిటన్నాను.

“రిలీవర్ రాకుండా డ్యూటీ దిగీకూడదు మేడం. మరి మాకు మీరే కదా ఉన్నారు” అని చెప్పి నిద్రకు వెళ్లిపోయాడు.

ఏం చేయాలో తోచక రెండూ సొరుగులో పెట్టాను.

జూలైలో స్టాకు తనిఖీ వచ్చింది. అంటే ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరులోని నంబరుతో సరిచూసి, చిరిగినవి, అతుకులూడినవి వేరు చేయడం. వేసవిలో చదివినట్టు కార్డుల మీద ముద్రలు వేసిన పుస్తకాలను తిరగేస్తుంటే ఒకదాని పేజీలు విడలేదు. అచ్చు తరవాత అంచు సరిగా కోయకపోతే పుటలు జంటలుగా అతుక్కుని ఉంటాయి, చదివేవాడు కత్తితో కోసుకోవాలి. నూట పది నుంచి నూట ఇరవై ఆరు దాకా ఎవరూ కోయలేదు. అది ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి కార్డు మీద ముద్ర పడిన పుస్తకం. ఆయన ఆ పుస్తకం గురించి పావుగంట మాట్లాడారు, చప్పట్లు కూడా కొట్టాం. వెతికితే అలాంటివి ఇంకో రెండు దొరికాయి, వేరే వేరే కార్డులవి. ఆ కార్డులన్నిటి కిందా నా సంతకం ఉంది.

ఆ పంతొమ్మిది మందిలో ఒక్కరిని కూడా నేను మధ్యలో ఏం జరిగిందని అడగలేదు. చొక్కా ఇస్త్రీ, మాటతీరు చూసి చదివే ఉంటారనుకున్నాను. అడిగింది పైడిరాజు ఒక్కడినే. అది కూడా అతను చదివినవాడిలా మాట్లాడాడు కాబట్టి అడగాలనిపించింది. ఆ రోజు నామీద నాకు చాలా సిగ్గేసింది.

ఆ మూడు పుస్తకాల వివరాలతో పై కార్యాలయానికి మళ్లీ రాశాను. నివేదిక ముగిసినది, తిరిగి తెరవబడదు అని జవాబు. అప్పుడు సొరుగు తీశాను. మొదటి నుంచి చదువుదామని పుస్తకం తెరిచి, ఆగి, నోటు పుస్తకంలో ముగ్గురూ రాసింది చదివాను. తరవాత 173వ పేజీ దగ్గర ఎక్కాను. ఎక్కడా తడుముకోలేదు. మిగిలినవి ముప్పై రెండు పేజీలు. గళ్లలో పరిస్థితి రాసి, అప్పలనాయుడి పేరు పక్కన ఖాళీగా ఉన్నచోట సంతకం పెట్టాను.

సూరమ్మ దారి చూపిస్తే మధ్యాహ్నం నవల, నోటు పుస్తకం పట్టుకుని వాళ్ల గదికి వెళ్లాను. అప్పుడే ఎ షిఫ్టు దిగి వచ్చిన గణేష్ ఒక్కడే ఉన్నాడు. గుమ్మంలో నిలబడే నేను రాసింది రెండుసార్లు చదివాడు.

“మరి మేనమామ ఏటయినాడు మేడం? నాను మొదట్లోనే జాగ్రత్తని రాసినాను కదా.”

మేనమామ సంగతి నేను రాయలేదు. పుస్తకం మళ్లీ తెరిచి, అక్కడే గుమ్మంలో వెతికి, అతను ఏమయ్యాడో పెండింగ్ గడిలో రాసి ఇచ్చాను.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇదే. ఒక పాఠకుడిని అడిగిన ప్రశ్న అందరినీ అడగాలి, లేకపోతే ఎవరినీ అడగకూడదు. లెక్కపెట్టేది ఏమిటో తెలియనప్పుడు రిమార్కుల గడిని నమ్ముకోకూడదు, నిర్ణయం తన సంతకంతో తీసుకోవాలి. చదవడం పూర్తి చేయడం అంటే ఏమిటో మాత్రం రిటైరయ్యే రోజు వరకూ నాకు తేలలేదు. పైడిరాజు పచ్చ కార్డు కింద నా సంతకం లేదు. వాళ్ల నోటు పుస్తకంలో ఉంది.