ఒక సాలు అదీ, ఒక సాలు ఇదీ

మా నాన్నకూ బాబాయికీ తగువు పడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వాళ్ళకు దొరికిన కారణం నా ఎయిర్ రైఫిల్ గొట్టం.

అప్పుడు నేను మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్ళి గుంటూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీలో సరదాగా పట్టుకున్న రైఫిల్ నాకు బాగా పట్టుబడింది. మిరప కోతల రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఎంపిక. ముందు ఏడు కొద్దిలో తప్పిపోయింది కాబట్టి ఈసారి ఆ జట్టులో చోటు తప్ప నాకు ఇంకేమీ అక్కర్లేదు. నాన్న ముచ్చటపడి సొంత రైఫిల్ కొనిపెట్టాడు. దాంట్లో గుళ్ళు కాస్త చెదిరి పడుతున్నాయని ఒకరోజు నోరు జారాను. అక్కడితో నా పని అయిపోయింది.

బాబాయి మా ఊరికి దగ్గర్లోని చిలకలూరిపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో మెషీన్లు చూసేవాడు. కంపెనీ నుంచి వచ్చిన వస్తువు ఆయన లెక్కలో వస్తువే కాదు. కొలతలిచ్చి మన అవసరానికి చేయించుకున్నదే వస్తువు. మిల్లుకు సామాను వచ్చే కోయంబత్తూరులో ఎవరినో పట్టుకుని, నన్ను ఒక్క మాట అడక్కుండా నా రైఫిల్‌కు కొత్త గొట్టం చేయించి తెచ్చాడు.

నాన్నది అవతలి కొస. ఆయన పత్తి, మిరప వేసే రైతు. సీలు లేని విత్తనం ఒకసారి వేశాడు. చేను ఏపుగా పెరిగి, కాయ మాత్రం కాయలేదు. అప్పట్నుంచి కంపెనీ ముద్ర లేకపోతే అగ్గిపెట్టెను కూడా ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. బాబాయి తెచ్చిన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, దీని మీద పేరేదిరా అని అడిగాడు. పేరేమన్నా కాలుస్తదా అన్నాడు బాబాయి.

నాకు ఏదైనా ఒకటే. చేయించిన గొట్టం లోపల నున్నగా ఉంది, గుండు బిగువుగా కూర్చుంటోంది. కంపెనీ గొట్టం వంకర నాకు అలవాటైపోయింది. రెంటిలో ఏదో ఒకటి బిగించి నా మానాన నన్ను వదిలేస్తే చాలు. వాళ్ళు వదిలితేగా.

పరీక్ష పెడదామన్నాడు నాన్న. పత్తి విత్తనాలకు ఆయన పెట్టే పరీక్షే. ఒక సాలు ఆ రకం, పక్క సాలు ఈ రకం. నేల ఒకటే, నీళ్ళు ఒకటే, ఏది బాగా కాస్తే అదే మంచిది. బాబాయి వెంటనే సరేనన్నాడు. జన్మలో వాళ్ళిద్దరూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే, అదీ నా ప్రాణం మీదికే. ఒక గుండు ఈ గొట్టంతో కాల్చాలి, మరో గుండు ఆ గొట్టంతో కాల్చాలి.

కళ్ళంలో ఎండుతున్న మిరపకాయల అవతల, పత్తికట్టె మోపులకు ఇసుక బస్తా ఆనించి దానికి అట్ట అంటించారు. నేను ఒక గుండు కాల్చగానే బాబాయి రైఫిల్ లాక్కుని, బోల్టు విప్పి గొట్టం మార్చేవాడు. గొట్టం మారితే గురి మారుతుందని, ఒక్కోదానితో వరసగా పది గుళ్ళు కాల్చనిస్తే సంగతి తేలిపోతుందని మొత్తుకున్నాను. మా కోచ్ అలాగే చెప్పాడన్నాను. ఏ గొట్టంగాడు చెప్పినా పరీక్షంటే ఇదే అన్నాడు బాబాయి, చేతిలో గొట్టం పట్టుకుని. ఇది పైరు కాదు నాన్నా అని దండం పెట్టాను. పక్క సాలు చూడకుండా ఎట్టా తెలిసిద్దమ్మా అని ఆయన నాకే నచ్చజెప్పాడు. దీనికి తోడు మిరప ఘాటుకు తుమ్ములు. ప్రతి సాయంత్రం ఇదే తంతు. అట్ట జల్లెడైంది తప్ప ఏదీ తేలలేదు. ఒళ్ళు మండి అరిస్తే, పిల్లకు చదువు ఒత్తిడి ఎక్కువైందనుకున్నారు.

ఎంపిక రేపనగా బోల్టు మర అరిగిపోయింది. రెండు గొట్టాల్లో ఏదీ బిగుసుకోలేదు. అరగదీసింది నువ్వంటే నువ్వని వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.

గుంటూరులో షూటింగు క్లబ్బు వాళ్ళ పాత రైఫిల్ అడిగి తీసుకున్నాను. దాని గొట్టం కంపెనీదో, చేయించిందో ఎవరికీ తెలియదు. గురి సరిచూసుకోవడానికి ఇచ్చిన కాసేపు నాకు చాలలేదు. మొదటి సగం గుళ్ళన్నీ ఎడమకు, కిందికి పోయాయి. దాని తీరు చేతికి అందాక మిగతావన్నీ నడిమధ్యన ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అప్పటికే ఆలస్యమైపోయింది. జట్టులో నా పేరు చదవలేదు.

తిరుగు బస్సులో నాన్న నా పక్కన కూర్చుని నా అట్టలు చూస్తున్నాడు. ముందు సీట్లోంచి బాబాయి వెనక్కి తిరిగి, ఆ క్లబ్బు రైఫిల్‌ది చేయించిన గొట్టమే అయ్యుంటదన్నాడు. నాన్న చివరి అట్ట నడిమధ్య బెజ్జాన్ని వేలితో తడిమి, నాతో మెల్లగా అన్నాడు.

"బాధపడమాకమ్మా. ఈ ఏటికి పోయింది. వచ్చే ఏడు ఒకటే రకం వేద్దాం."

పురుగు పట్టినా, వాన ముంచినా, ధర పడిపోయినా మా ఇంట్లో చివరికి వినపడే మాట అదే, వచ్చే ఏడు. ఆ మాట మీదే ఆయన అన్నేళ్ళు వ్యవసాయం నెట్టుకొచ్చాడు. నాకు మాత్రం ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నాకు వచ్చే ఏడు లేదు నాన్నా" అన్నాను. "నా డిగ్రీ అయిపోతుంది."

బాబాయి ముందుకు తిరిగి కూర్చున్నాడు. నాన్న అట్టలు ఒకదాని మీద ఒకటి సర్ది, చిలకలూరిపేట వచ్చేదాకా ఒళ్ళోనే పట్టుకున్నాడు.