నాన్న చెప్పిన జపాన్ సినిమా

మొన్న ఆదివారం కిరందుల్‌లో మా అబ్బాయి క్వార్టర్లో మనవరాలు ఫోన్లో ఏదో పాత జపాన్ సినిమా చూస్తుంటే, ఊసుపోక పక్కన చేరి నేనూ చూశాను. చివరికొచ్చేసరికి బుర్ర తిరిగిపోయింది. చిన్నప్పుడు ఇదే ఊళ్లో చూసిన సినిమా అది, ముగింపు మాత్రం అది కాదు.

ఇక్కడ పెరిగిన మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఈ ఊరి గనిలో తవ్విన ఇనుపరాయి జపాన్‌కు వెళ్లేది గనక జపాన్ సినిమాలూ, రష్యాతో దోస్తీ గనక రష్యా సినిమాలూ క్లబ్బు మైదానానికి వచ్చేవి, అన్నిటిలోనూ యుద్ధం, అందరికీ ఏడుపే. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినవాళ్లు తక్కువ కాబట్టి హిందీవాళ్లకు అటుపక్క ఒకాయన, మన ఆంధ్రావాళ్లకు ఇటుపక్క మా నాన్న గొంతెత్తి కథ చెప్పేవారు.

అప్పటికి అమ్మ ఒక్కగానొక్క తమ్ముడు, మా మావయ్య, సైన్యంలో చేరి సరిహద్దులో ఆచూకీ లేకుండా పోయాడు. కర్మ చేసేద్దామని పెద్దవాళ్లు, వద్దని అమ్మ, ఇంట్లో రోజూ అదే రభస.

ఆ సినిమాలోనూ ఒక అక్క తమ్ముడి కోసం రోజూ రేవుకు వెళ్తుంది. చివర ఓడ దిగిన సైనికుడు ఏదో చెప్పగానే ఆమె కూలబడి ఏడుస్తుంది. అతనే తమ్ముడనీ, చిక్కిపోవడంతో గుర్తుపట్టలేదనీ, అది ఆనందం పట్టలేక ఏడవడమనీ నాన్న చెప్పారు. మేం హమ్మయ్య అనుకుంటుంటే అటుపక్కవాళ్లు ముక్కులు చీదుకుంటున్నారు. వీళ్లకేం పోయేకాలమని నవ్వుకున్నాను.

ఇంటికొస్తూ అమ్మ, “చూశారా, ఆవిడ తమ్ముడొచ్చాడు. మనవాడూ వస్తాడు. ఇంక కర్మ మాటెత్తితే ఊరుకోను!” అంది. అమ్మ పోయేదాకా ఎవరూ ఎత్తలేదు.

ఫోన్లో చూస్తే ఆ సైనికుడు తమ్ముడు కాడు, చావుకబురు తెచ్చిన స్నేహితుడు! నాన్న అక్షరాలు సరిగా చదవలేకపోయారా, కావాలనే మార్చారా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. అంతకంటే తికమక అమ్మ సంగతి. సంతలో హిందీలో బేరమాడి నెగ్గుకొచ్చే మనిషికి అటుపక్క చెబుతున్నది చెవిన పడలేదంటే ఎలా నమ్మను?

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు, కోరుకున్న భాషలో, ఉన్నదున్నట్టు చదువుకుంటున్నారు. మంచిదే, కాదనను. కానీ ఆ మైదానంలో అటుపక్క చచ్చిపోయిన తమ్ముడు ఇటుపక్క ఇంటికొచ్చాడు. అమ్మ ఇటుపక్కే కూర్చుంది.