ఆడవాళ్ళు లేక

సముద్రాల అవతలి దీవిలో, రకిరకి దగ్గర ఓ చెరుకుతోటలో మగకూలీలు డెబ్భైమంది, ఆడకూలీలు ఇరవై ఆరుగురు. లైను అనే కూలీల గదుల వరసలో పన్నెండో గది రంగస్వామి, మునస్వామిలది. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాల్లా ఎందుకుంటున్నారని ఎవరైనా అడిగితే కూలీల మీద మేస్త్రీ, సర్దారు రామ్ నారాయణ ఈ లెక్కే చెప్పేవాడు.

"డెబ్భైలో ఇరవై ఆరు తీసెయ్. మిగిలినోళ్ళు ఏం చేస్తారు పాపం? ఆడవాళ్ళు లేకే ఇదంతా!"

ఆయనది ఉత్తరాదిన బస్తీ జిల్లా. పదేళ్ళపాటు మద్రాసు కూలీల చేత పని చేయించీ చేయించీ తెలుగు నేర్చాడు, ముందు తిట్లు, తర్వాత మిగతా భాష. మనిషి చెడ్డవాడు కాదు. అన్నిటికీ ఒక కారణం చెప్పగలిగితే ఆయనకి అన్నం సయిస్తుంది, అంతే.

లైనులో మిగతావాళ్ళ కారణాలు మిగతావాళ్ళకున్నాయి. పూజలు చేయించే ముసలాయన పూర్వజన్మ అన్నాడు. నల్లనీళ్ళ సముద్రం దాటితే కులమే నిలవలేదు, ఇదో లెక్కా అంది కలుపు తీసే గంగ. అదే గదిలో మూడో మంచం మీద పడుకునే భగవాన్ మాత్రం ఏ కారణమూ చెప్పేవాడు కాదు. గదికి ముగ్గురు మగవాళ్ళుండాలని రూలు గనక ఆయనక్కడ ఉన్నాడు. రంగస్వామి చేపల పులుసు పెడితే ఆయనకీ ఓ గిన్నె అందేది. ఆ పులుసు తిన్నవాడెవడూ గది మార్చమని అడగడు.

రంగస్వామి పాలకొండ వైపు మనిషి. ముప్ఫైకి రెండేళ్ళు తక్కువ. గది ఊడ్చకుండా పనికి వెళ్ళడు, ఒకరి జోలికి పోడు. ఓడెందుకెక్కావయ్యా అంటే "కరువండీ" అనేవాడు. ఆ ఏడు పాలకొండలో వానలు బాగానే కురిశాయని, అదే ఓడలో వచ్చిన ఒకరిద్దరికి తెలుసు. పోనీలే అని ఊరుకున్నారు. ఓడెక్కినవాళ్ళలో ఉన్నదున్నట్టు చెప్పినవాడెవడు గనక!

మునస్వామిది చిత్తూరు. రంగస్వామి కంటే నాలుగేళ్ళు చిన్న. మద్రాసు రేవు దాటింది మొదలు పదిరోజులు వాంతులే. ఆ పదిరోజులూ బాల్చీ మీద వాడి తల పట్టుకుని కూర్చున్నది రంగస్వామి. మనసులు కలిసింది అక్కడా అంటే నవ్వొస్తుంది గానీ, అక్కడే. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఈ దేశంలో తోడబుట్టినవాళ్ళతో సమానం. చావుకీ పెళ్ళికీ వాళ్ళే ముందు నిలబడాలి. కాబట్టి మునస్వామి ఆయన్ని అన్నా అనేవాడు, ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు.

నాలుగేళ్ళు హాయిగా గడిచాయి. ఓవర్సీరు దొర కొరడా, చెరకాకు కోసిన గాట్లు, పురుగుల బియ్యం ఉండగా హాయేమిటని అడక్కండి. హాయే.

ఒక్కటే పీకుతుండేది. తన సంగతి రంగస్వామికి తెలుసు. మునస్వామి సంగతే తెలీదు. సర్దారు ఆ లెక్క చెప్పినప్పుడల్లా అందరూ నవ్వేవాళ్ళు, మునస్వామీ నవ్వేవాడు. రంగస్వామి మాత్రం గిన్నెలు తీసుకుని లేచి వెళ్ళేవాడు. వీడు నా కోసం ఉన్నాడా, ఆడవాళ్ళు లేక ఉన్నాడా? అడిగితే తేలిపోయేది. ఏం తేలుతుందోనని అడగలేదు.

అలా ఉండగా రెండో లైనులో వెంకటమ్మ మొగుడు రక్తవిరేచనాలతో పోయాడు. నెల తిరిగేసరికి ఆమె గుమ్మం ముందు కట్టెలు పేరుకుపోయాయి. తెచ్చి పడేసినవాడల్లా తనని చేసుకోమనే. ఒక ఆదివారం ఆమె ఆ కట్టెలన్నీ దాటుకుని తిన్నగా పన్నెండో గదికొచ్చింది. రంగస్వామి బయట కూర్చుని చేపలు తోముతున్నాడు.

"రంగన్నా, మునసామికి ఇక్కడ పెద్దదిక్కెవరు?"

"ఎవరున్నారమ్మా. ఓడన్నని, నేనే."

"అందుకే వచ్చాను. మనిషెలాంటోడు?"

తాగొచ్చి కొడతాడు అని ఒక్క ముక్కంటే చాలు, ఈవిడ ఇంకో కట్టెలమోపు వైపు చూసుకుంటుంది. ఆ ముక్క నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"చెయ్యెత్తడు," అన్నాడు రంగస్వామి. "నోరు జారడు. ఒంట్లో బాగుండకపోతే మాత్రం చంటిపిల్లాడే. ఉప్పెక్కువైతే తింటాడు గానీ, రెండ్రోజులు మూతి ముడుచుకుంటాడు."

వెంకటమ్మ చేపల పక్కన చతికిలబడింది.

"మీ సంగతి లైనంతటికీ తెలుసు, నాకూ తెలుసు. ఒకరి కాపురం తీసే మనిషిని కాదు నేను. వారం రోజులుగా ఆయనే నాకు నీళ్ళు మోసి పెడుతున్నాడు. మనసుండి మోస్తున్నాడో, జాలిపడి మోస్తున్నాడో నాకు తెలియాలి. నువ్వే అడిగి చెప్పన్నా."

నీళ్ళ సంగతి రంగస్వామికి తెలీదు.

మధ్యాహ్నం వాగు దగ్గర బట్టలు ఉతుకుతూ మునస్వామిని కదిపాడు. "వెంకటమ్మ వచ్చిందిరా."

"ఏమంది?" అన్నాడు మునస్వామి గబుక్కున. ఆ గబుక్కులోనే సగం తెలిసిపోయింది.

"నీళ్ళెందుకు మోస్తున్నావంది."

మునస్వామి చేతిలోని చొక్కా పిండి, మళ్ళీ తడిపి, మళ్ళీ పిండాడు. "నీ దగ్గర నాకే లోటూ లేదన్నా. అమ్మతోడు. కానీ ఆమెని చూసిన కాడి నుంచి... మా ఊళ్ళో ఉన్నప్పటి ప్రాణం మళ్ళీ వచ్చినట్టుంది. ఏం చెయ్యను చెప్పు?"

రంగస్వామికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడ్చాడు. మునస్వామీ ఏడ్చాడు. పులుసు ఏ వేళకవుతుందో కనుక్కుందామని వచ్చిన భగవాన్ వాళ్ళిద్దర్నీ చూసి, ఆ పూట పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నాడు.

పెళ్ళిలో పెళ్ళికొడుకు వైపు పెద్దగా రంగస్వామే నిలబడ్డాడు. బట్టలు పెట్టాడు, వంట చేశాడు. వంట బ్రహ్మాండంగా ఉందన్నారు. కొత్త జంటకి ఐదో గది ఇచ్చారు. పన్నెండో గది గుమ్మంలోంచి చూస్తే తిన్నగా కనపడుతుంది.

మర్నాడు సర్దారు మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "చూశావా! చెప్పలా నేను? ఆడమనిషి దొరికింది, పిల్లోడు దారిన పడ్డాడు. దిగులు పడకు, వచ్చే ఓడలో నీకూ ఒకత్తె దొరుకుద్ది."

"నాకు దొరికింది సర్దారూ."

"అరె! ఎక్కడ?"

"పాలకొండలో. మూడేళ్ళు కాపురం చేశాం. బంగారం లాంటి పిల్ల. నన్నొక్క మాట అనలేదు. ఆ పిల్ల మొహం చూడలేకే ఓడెక్కాను."

రామ్ నారాయణ వచ్చి మునస్వామి ఖాళీ మంచం మీద కూలబడ్డాడు. "అంటే, అక్కడా నువ్వింతేనా?"

"ఇంతే."

"ఎప్పటి నుంచి?"

"నాకు బుద్ధి తెలిసిన కాడి నుంచి."

సర్దారు లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఇది నాకు చెప్పావు, ఇంకెవరికీ చెప్పకు. గురువారం కూలీల ఇన్‌స్పెక్టరు దొర వస్తాడు. మీ గది సంగతి ఎవడో చెవిన వేశాడంట. అడిగితే, ఆడవాళ్ళు లేక అను. అలా అంటే పాపమని రాసుకుంటాడు. ఇప్పుడు నాకు చెప్పింది చెప్పావంటే జైలని రాసుకుంటాడు."

"సరే సర్దారూ."

గురువారం దొర వచ్చాడు. వెంట దుబాసీ. పన్నెండో గది ముందు ఆగి దొర ఏదో అడిగాడు. నువ్వూ ఇంకొకడూ ఈ గదిలో ఎందుకలా ఉండేవాళ్ళని అడుగుతున్నాడయ్యా అన్నాడు దుబాసీ. వెనకాల సర్దారు మీసం పీక్కుంటున్నాడు.

రంగస్వామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఐదో గది. మునస్వామి తలుపు పైన మేకు కొడుతున్నాడు. వెంకటమ్మ ఇంకో మేకు పట్టుకుని పక్కన నిలబడింది. వాడేదో అన్నాడు, ఆమె నవ్వింది.

"ఆడవాళ్ళు తక్కువండి దొరా," అన్నాడు రంగస్వామి. "అందుకేనండి."

దొర తలూపి రాసుకుని పక్కగదికి వెళ్ళాడు. అబద్ధం బాగా చెప్పావని సర్దారు భుజం తట్టాడు. రంగస్వామి ఇంకా ఐదో గది వైపే చూస్తున్నాడు.

"అబద్ధం కాదు సర్దారూ," అన్నాడు. "అలా ఉన్నది ఇద్దరం. ఒకడి సంగతిలో అది నిజమే."