గురువుగారు నమ్మిన మాట

ఈ బరువును ఇన్నేళ్లూ ఎలా మోశానో నాకే తెలియదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నేనెరగను. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది గడ్డపోతారం ఫ్యాక్టరీలకు దిగువన చిన్న ఊరు. మా గురువుగారు కాషాయం కట్టిన స్వామి కాదు, వరి పండించుకునే రైతు. అమావాస్యకు ఆయన ఇంట్లో తంబుర మోగేది, తత్వాలు పాడుకునేవాళ్లం. పెళ్లికి ముందే ఆయన దగ్గర బోధ తీసుకుని శిష్యుణ్నయ్యాను. తనువు, మనసు, ధనం మీవేనని పాదాలు పట్టుకుని అన్నాను. ఆ రోజు మనసారా అన్న మాటే అది.

తరువాత మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది. వాన పడితే సూపర్‌వైజర్ సైగ చేసేవాడు. నేను వాల్వు తిప్పేవాణ్ని. ట్యాంకులోని ఘాటు నీళ్లు వానతో కలిసి మా వాగులోకి పోయేవి.

ఊళ్లో గొర్రెలు చచ్చాయి. వాగు పక్క బావుల్లో నీళ్లు రంగు మారాయి. కలెక్టరాఫీసుకు పోదామని జనమంతా గురువుగారి వాకిట్లో చేరారు. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీలో నన్ను పర్మనెంట్ చేస్తామంటున్నారు. గురువుగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు లోపట పనిచేస్తవు గద బిడ్డా. ఆ నీళ్లు మన వాగుల ఇడుస్తున్రా?"

"లేదు గురువుగారూ."

ఆయన మళ్లీ అడగలేదు. జనం వైపు తిరిగారు.

"ఇగ లేవుండ్రి. వీడు నా శిష్యుడు. నా ముంగట అబద్ధమాడడు."

ఒక్కసారి అనుమానంగా చూసి ఉంటే నిజం చెప్పేవాణ్నా? ఏమో. ఆయన మీద భక్తి, నౌకరీ మీద ఆశ, రెండూ నాలో నిజంగానే ఉన్నాయని ఎన్నిసార్లో సర్దిచెప్పుకున్నాను. కానీ అడిగిన క్షణాన నోటికి వచ్చింది ఒక్కటే.

ఊరివాళ్లు ఒక్కొక్కరే దూరం నుంచి నీళ్లు మోసుకురాసాగారు. గురువుగారు మాత్రం వాగు పక్కనున్న తన బావి నీళ్లే తాగారు. వద్దన్నవాళ్లకు నా మాటే చెప్పేవారట. నేను పర్మనెంట్ అయ్యాను. అమావాస్యలకు పోతూనే ఉన్నాను, పాడుతూనే ఉన్నాను. గురువమ్మ చెంబుతో నీళ్లిస్తే మాత్రం దాహం లేదనేవాణ్ని.

కొన్నాళ్లకు ఆయన ముఖం, కాళ్లు వాచాయి. కిడ్నీలు పోయాయన్నారు. నీళ్ల వల్లేనని ఏ డాక్టరూ అనలేదు. దాన్ని పట్టుకునే ఇంతకాలం బతికాను. చివరి రోజుల్లో ఆయన కాళ్లు పిసుకుతుంటే, అందరిలో వీడొక్కడే తనను విడవలేదని గురువమ్మతో అన్నారు. విన్నాను. కాళ్లు పిసుకుతూనే ఉన్నాను. సమాధిలో మొదటి పిడికెడు మన్ను నా చేతే వేయించారు.

గురువమ్మ కూడా పోయింది. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. ఉన్నా ఏ ముఖంతో అడగను?

వాల్వు తిప్పింది నేను. లేదన్నది నేను. ఇది రాస్తుంటే ఏడుపొచ్చింది. ఆయన పోయిన రోజు రాలేదు.