కార్పెట్‌లో చుట్టిన తుపాకి

తుపాకి తుడిచే పనిమనిషిని మీరెక్కడైనా చూశారా? నేనే. సౌదీ అరేబియాలోని నజ్రాన్‌లో నేను పనిచేసే ఇంట్లో వంట, గిన్నెలు, బట్టలతో పాటు ఆ పని కూడా నాదే. రాయచోటి దగ్గర పుట్టి, పెళ్ళిలో టపాకాయ పేలితేనే చెవులు మూసుకున్నదాన్ని, ఇక్కడికి వచ్చాక ఇనుప గొట్టానికి నూనెగుడ్డ పెట్టి తుడవడం నేర్చుకున్నాను.

ఆ తుపాకి మా కఫీల్‌ది కాదు. కఫీల్ అంటే నన్ను వీసా ఇచ్చి తెచ్చుకున్న ఇంటి యజమాని. అది ఆయన తండ్రిది, పాతకాలపు వేట తుపాకి. లైసెన్సు ఉంది గానీ ఆ పెద్దాయన పేరు మీదే ఉండిపోయింది. ఆయన పోయి రెండేళ్ళయింది. కాగితం మీద పేరు మార్పించాలని కఫీల్ ప్రతి నెలా అనుకునేవాడు, ప్రతి నెలా మరిచిపోయేవాడు. ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు, అందుకని భయం కూడా ఉండేది. భయం ఉన్నవాడు తుపాకిని ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోడు. చలికాలంలో వీళ్ళంతా సెలవు రోజుల్లో ఎడారికి వెళ్ళి గుడారం వేసుకుంటారు. తండ్రి తుపాకి పక్కన లేకపోతే ఆయనకు అది ఎడారిలాగే ఉండదు. చెక్‌పోస్టులో కనపడకుండా చిన్న ఎర్ర కార్పెట్‌లో చుట్టి, మిగతా కార్పెట్ల మధ్యన పెట్టేవాడు. తిరిగి రాగానే నేను ఆ చుట్ట విప్పి, తుపాకి తుడిచి, ఆయన తల్లి గదిలోని బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టేవారు కాదు.

ఇంటి డ్రైవరు గోదావరి జిల్లావాడు, నాకంటే పదేళ్ళు చిన్న. గేటు పక్క గదిలో ఉండేవాడు. వంటింటి వెనక తలుపు దగ్గర వాడికి అన్నం పెట్టేటప్పుడు రోజూ ఏదో ఒక గొడవ. "ఇది పప్పా అక్కా, కారం గోలీనా? మీ సీమోళ్ళకి నాలిక తోలుతో కుట్టారేంటి?" అనేవాడు. "తింటే తిను, లేకుంటే పో. పెండ్లాం వండినట్ల కావాలంటే ఊరికి పొయ్యి తిను" అనేదాన్ని. తిట్టుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోయేది కాదు.

ఆ శనివారం ఇంటిల్లిపాదీ ఎడారి నుంచి వచ్చారు. పదహారు మంది తిన్న గిన్నెలు, ఇసుక నిండిన దుప్పట్లు, మాంసం వాసన కొట్టే పెట్టెలు, అన్నీ తెచ్చి వంటింటి ముందర పోశారు. గురువారం చుట్టాలొస్తారు, కార్పెట్లన్నీ ఈరోజే ఉతకడానికి పంపమని మేడం, అంటే కఫీల్ భార్య, చెప్పి పడుకుంది. నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. దానికి తోడు వీడు పికప్పు తెచ్చి తలుపు దగ్గర పెట్టి హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

"తొరగా కానియ్యక్కా! మజ్జాన్నం నమాజు బాంగు పడిందంటే ఆ ఉతికేవోడు షట్టర్ దించేస్తాడు. మళ్ళీ నాలుగింటిదాకా ఎండలో నేనే కదా ఏడవాల!"

"నాకేమన్నా పదహారు చేతులుండాయా? నీకేం, చక్రం తిప్పేదే కదా పని. అన్నీ ఆడనే పడుండాయి, ఎత్తుకోని పో!"

కార్పెట్ చుట్టలు అయిదు. కోపంలో ఒక్కొక్కదాన్నీ కాలితో వాడి వైపు తోశాను. ఎర్రదాన్ని కూడా తోశాను. బరువుగా తగిలింది. ఆ బరువేమిటో ఆలోచించే తీరిక నా కోపం నాకివ్వలేదు.

గంటన్నర తర్వాత కఫీల్ ఫోను మోగింది. హాల్లో మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో ఆగిపోయి, మొహం పాలిపోయి, ఉన్నపాటున తల్లి గదిలోకి పరుగెత్తాడు. బీరువా తెరిచిన చప్పుడు విన్నాను. చేతిలో గిన్నె అలాగే ఉంది, నీళ్ళు పోతూనే ఉన్నాయి. దోవలో చెక్‌పోస్టు దగ్గర సిపాయి కార్పెట్ చుట్టలో చెయ్యి పెట్టి చూశాడట. తుపాకి దొరికింది. డ్రైవర్ని అక్కడికక్కడే పట్టుకుపోయారు.

అప్పుడే చెప్పాల్సింది. "అది నేను మరిచిపోయాను, వాడికేమీ తెలియదు" అని రెండు ముక్కలు. చెప్పలేదు. పోలీసులంటే భయం, ఈ దేశంలో ఆడదానికి జైలంటే ఇంకా భయం. మా అమ్మాయి నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉంది. నన్ను పట్టుకుపోతే దాని గతేమిటి? ఇలా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తేలు కుట్టిన దొంగలాగా రెండు రోజులు నోరు మూసుకుని వంట చేశాను. మధ్యాహ్నం చెయ్యి అలవాటు కొద్దీ వాడి పళ్ళెంలో కూడా అన్నం పెట్టింది. అది తీసి పారేయలేక, తినలేక, మూత పెట్టి పక్కన పెట్టాను.

సోమవారం సాయంత్రం నమాజు అయ్యాక కఫీల్ వాళ్ళ అన్న, పక్కింటి మాస్టారు వచ్చి మగవాళ్ళ గదిలో కూర్చున్నారు. ముగ్గురికీ తుపాకులున్నాయి. ఈ ఊళ్ళో తాతల నాటి తుపాకి లేని ఇల్లు నాకైతే తక్కువే కనిపించింది. ఆ గదికీ వంటింటికీ మధ్య చిన్న తలుపుంది. గావా, అంటే వీళ్ళ యాలకుల కాఫీ, ఆ పాత్ర నేను తలుపు దాకా తీసుకెళ్తే, కఫీల్ వచ్చి అందుకుంటాడు. పదకొండేళ్ళుగా వింటున్న భాష, చెవిలో పడితే చాలు అర్థమైపోతుంది.

"తుపాకి నీ ఇంటిది, బండి నీది. నీ బండిలో నీ వస్తువు ఉంటే తప్పేముంది?" అన్నాడు అన్న.

"లైసెన్సు మనిషికి గానీ బండికి కాదు. ఆ మనిషి పక్కన లేకపోతే అది దొంగ తుపాకితో సమానం" అన్నాడు మాస్టారు.

"లైసెన్సున్న మనిషి సమాధిలో ఉన్నాడు. ఇప్పుడు పక్కన ఎవరు ఉండాలి?" అన్నాడు కఫీల్.

దాంతో ముగ్గురూ ఫోన్లు తీశారు. చనిపోయినవాడి తుపాకి వారసులు కొంతకాలం ఉంచుకోవచ్చని ఒకరి ఫోన్లో ఉంది. వెంటనే అప్పజెప్పాలని ఇంకొకరి ఫోన్లో ఉంది. అన్నదమ్ములంతా సంతకం పెడితే ఒకరి పేరు మీదికి మారుతుందని ఎవరో ఆఫీసరు చెప్పాడన్నాడు మాస్టారు. ఆ ఆఫీసరే నిరుడు ఇంకోలా చెప్పాడని అన్న అడ్డం తగిలాడు. అది పాత రూలు, కాదు కొత్త రూలే, కాదు అది పక్షుల్ని కొట్టే చెర్రల తుపాకులకు మాత్రమే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అక్కడ నా తమ్ముడిలాంటివాడు లాకప్పులో కూర్చుంటే వీళ్ళు రూలు ముసలిదా పడుచుదా అని వాదించుకుంటున్నారు. చేతిలోని గరిటె ఆ తలుపు మీదికి విసరబోయి ఆగాను.

అప్పుడు అన్న గొంతు తగ్గించి అన్నాడు. "ఇంత తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు? డ్రైవరే నీకు తెలియకుండా తీశాడని రాసివ్వు. అమ్ముకోవడానికి పట్టుకుపోతున్నాడను. నీకు ఏ గొడవా ఉండదు. వాణ్ణి ఖురూజ్ ముద్ర కొట్టి దేశం పంపించేస్తారు, అంతేగా."

"దొంగతనం అంటే అంత తేలిగ్గా పంపరు. ముందు జైలు, ఆ తర్వాతే పంపడం" అన్నాడు మాస్టారు.

కఫీల్ ఏమంటాడా అని తలుపుకి చెవి ఆనించాను. ఔననలేదు, కాదనలేదు. మంచివాడే, నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు, పండగకి బట్టలు పెడతాడు. కానీ ఆ మంచివాడు కాదనలేదు.

రోజూ ఆ వేళకి నేను ముసలమ్మ గదిలోకి గావా తీసుకెళ్తాను. ముసలమ్మ అంటే కఫీల్ తల్లి. మోకాళ్ళు పట్టేసి మంచం దిగదు. తను ఒక కప్పు తాగి, నా చేత ఒక కప్పు తాగించి, నా ఊరి సంగతులు అడుగుతుంది. ఆ రోజు కప్పు నాకు అందించింది. నేను తీసుకుని కింద పెట్టేశాను.

వీళ్ళ దగ్గర ఒక ఆచారముంది. ఏదైనా పెద్ద కోరికతో ఇంటికొచ్చిన మనిషి, ఇచ్చిన గావా తాగకుండా కింద పెడతాడు. పిల్లనడగడానికి వచ్చినా, తగాదాలో క్షమాపణ అడగడానికి వచ్చినా అంతే. "నువ్వడిగింది ఇచ్చాను, తాగు" అని ఇంటివాళ్ళు అనేదాకా ముట్టుకోడు. తాగకుండా వెళ్ళిపోయాడంటే ఆ ఇంటికి తలవంపు. మగవాళ్ళ గదిలో వచ్చినవాళ్ళు ఇలా చేస్తుంటే తలుపు సందులోంచి ఎన్నిసార్లు చూశానో. పనిమనిషి చేయడం మాత్రం నేనెక్కడా చూడలేదు.

"తాగు, చల్లారిపోతుంది" అంది ముసలమ్మ.

నేను తల వంచుకుని కూర్చున్నాను. మొదట నవ్వింది. తర్వాత నేను కప్పు వైపు చెయ్యి చాపకపోవడం చూసి నవ్వు ఆపేసింది.

"ఇది మగవాళ్ళు చేసేది. నీకెవరు నేర్పారు?"

"మీ ఇల్లే నేర్పింది" అన్నాను, నా వచ్చీరాని అరబ్బీలో.

"సరే బిడ్డా, ఇచ్చాను. ఏమిటో చెప్పు" అంది. అంతా చెప్పాను. గిన్నెలు, కోపం, కాలితో తోసిన చుట్ట, తలుపు అవతల విన్న మాటలు అన్నీ చెప్పి ఏడ్చాను. ఆవిడ నన్నేమీ ఓదార్చలేదు. "ముందు ఆ కప్పు తాగవే! ఇచ్చానన్నాక కూడా తాగకపోతే నా మాట నేలపాలవుతుంది" అని కసిరింది. చల్లారిన గావా ఒక్క గుక్కలో మింగాను, పొరబోయింది.

కొడుకుని పిలిపించింది. నన్ను లేవద్దంది, అక్కడే కూర్చోబెట్టింది.

"ఆ తుపాకి నీ తండ్రిది. ఆయన ఉన్నన్నాళ్ళు దాన్ని కార్పెట్‌లో దాచలేదు. దాని తప్పు కూలివాడి నెత్తిన పెట్టడం అసలే ఎరగడు. పొద్దున్నే నువ్వెళ్ళి నాదని చెప్పు. వెళ్ళకపోతే నన్ను కుర్చీలో మోసుకెళ్ళండి, నా మొగుడి తుపాకి అని నేను చెబుతాను."

కఫీల్ నా వైపు తిరిగాడు. "విప్పకుండా పంపింది నువ్వా?"

"ఔను. చుట్టింది మీరు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అన్నాక భయమేసింది గానీ వెనక్కి తీసుకోలేదు. ఆయన తల్లి వైపు ఒకసారి చూశాడు. "పొద్దున ఏడింటికి తయారుగా ఉండు. ఈ మాటే అక్కడ చెబుదువుగాని" అని బయటికి వెళ్ళిపోయాడు.

మంగళవారం స్టేషన్‌లో ఆడవాళ్ళను కూర్చోబెట్టే గదిలో గంటసేపు ఉన్నాను. తర్వాత లోపలికి పిలిచారు. బల్ల అవతల ఆఫీసరు, ఇవతల కఫీల్. తుపాకి తన తండ్రిదనీ, కార్పెట్‌లో పెట్టింది తానేననీ ఆయన అప్పటికే సంతకం పెట్టేశాడు. ఆఫీసరు నన్నడిగాడు.

"ఆ చుట్టను బండి దగ్గర పెట్టింది ఎవరు?"

"నేనే. విప్పి తుపాకి తీయాల్సింది కూడా నేనే. మరిచిపోయాను. డ్రైవరుకి ఏమీ తెలియదు."

ఆఫీసరు ఒక కాగితం తీసి చదివాడు, మళ్ళీ నన్ను చూశాడు. "డ్రైవరు వేరేలా చెప్పాడు. ఇంట్లో పనిమనిషికి దీంతో సంబంధం లేదు, గుమ్మం దగ్గరికి ఎవరూ రాలేదు, కార్పెట్లన్నీ నేనే చుట్టి నేనే ఎక్కించాను అన్నాడు. శనివారం నుంచి మూడుసార్లు అడిగాం. మూడుసార్లూ అదే చెప్పాడు. మీ ఇద్దరిలో అబద్ధం ఎవరిది?"

కళ్ళనీళ్ళు తుడుచుకుని, "వాడిది. సార్, వాడిదే అబద్ధం" అన్నాను.

తుపాకిని ఉంచేసుకున్నారు. కఫీల్ మీద కేసు రాశారు, అది ఇంకా నడుస్తోంది. నా చేత వేలిముద్ర వేయించుకుని పొమ్మన్నారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక డ్రైవర్ని బయటికి వదిలారు. గడ్డం మాసి, చొక్కా నలిగి, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చాడు. నన్ను చూడగానే వాడికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"బుద్దుందా నీకు? ఆడమనిషివి, ఇలాంటి చోటుకెందుకొచ్చావక్కా? నేనెంత కష్టపడి నీ పేరు రాకుండా చూశానో తెల్సా?"

"రెండు దినాలు నోరు మూసుకోని కూసుంటిని తమ్ముడూ. నిన్ను ఈడ పెట్టి, ఆడ అన్నం తింటా ఉంటిని" అన్నాను.

వాడు చెప్పులు కింద పడేసి కాళ్ళకు తొడుక్కున్నాడు.

"నేనూ ఈ మూడ్రోజులూ నిన్ను నోటికొచ్చిన బూతల్లా తిట్టానక్కా. ఓ పక్క తిడతానే, నేనే చుట్టానని వాళ్ళకి చెప్పాను."