రంగుల బావ, లైట్ల మరదలు

ఆవిడ కొప్పులో పువ్వులుండవు, టెస్ట్ ల్యాంపు ఉంటుంది. కరెంటు దారి ఉందో లేదో చెప్పే చిన్న బల్బు, దానికి రెండు తీగలు. ఒక తీగ చివర క్లిప్పు, రెండోదాని చివర సూది. రెండు చేతులూ బానెట్టు కింద ఇరుక్కున్నప్పుడు వెతుక్కునే పని లేకుండా కొప్పులో దోపుకోవడం మొదలుపెట్టింది, చివరికి అదే పేరైపోయింది. కార్ల లైట్లు బాగుచేసే ఆవిణ్ణి వీధంతా టెస్టరమ్మ అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. వైరు చివర దొరక్కపోతే స్క్రూడ్రైవరు విసిరికొడుతుంది, మళ్ళీ తనే బల్ల కిందికి దూరి తెచ్చుకుంటుంది. బయటికొచ్చేసరికి కోపం దిగిపోయి ఉంటుంది.

షెడ్డులో సగం ఆవిడది, సగం బావది. అక్క మొగుడు కార్లకి రంగులు వేస్తాడు. వైర్ల దుమ్ము రంగు మీద పడకుండా మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టుకున్నారు గానీ మాటలకి ఆ తెర అడ్డం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి. ఆయన రంగు మీద ఈగ వాలితే దాన్ని కూడా నిలదీసేలా ఉంటాడని ఆవిడ అంటుంది. వైర్లతో మాట్లాడేవాళ్ళకి మనుషులతో మాట్లాడడం ఎలా వస్తుందని ఆయన అంటాడు.

ఇద్దరూ కలిసి చేసిన పని ఒక్కటే, ఆ పాత కారు. గుండ్రటి ఒళ్ళు, ఉబ్బిన కళ్ళలాంటి ముందు దీపాలు. అక్కాచెల్లెళ్ళ నాన్న దాన్ని టాక్సీగా నడిపి ఇద్దర్నీ పెంచాడు. రాత్రి బేరాల్లో లైటు ఆరిపోతే టార్చి పట్టుకుని పక్కన నిలబడింది చిన్నకూతురే, ఈ విద్య ఆవిడకి అబ్బింది అక్కడే. స్టీరింగు పెద్దకూతురికి అబ్బింది, ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతోంది. నాన్న పోయాక కారు పట్టా కింద ముడుచుకుని పడుకుంది. మళ్ళీ రోడ్డెక్కిద్దామని అక్క పట్టుబడితే తనిఖీకి తీసుకెళ్ళారు. పాత వైర్లు అక్కడే పొగలు కక్కాయి. ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. ఈసారి కూడా లైట్లు వెలక్కపోతే కాగితాలు రద్దు, కారు తుక్కుకి. ఆ మాట విన్న రోజు అక్క అన్నం ముట్టలేదు.

అందుకే మరదలు వైర్లన్నీ కొత్తగా లాగింది, బావ కారంతా ముదురాకుపచ్చ రంగులో ముంచి తీశాడు. తెల్లారితే తనిఖీ అనగా మధ్యాహ్నం లైట్లు బిగించాక, అక్క డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. ఎర్రలైటు వెలగాల్సింది పోయి ఇండికేటరు మిణుకుమంది. ఇండికేటరు వేస్తే ముందు దీపాలు నీరసంగా కళ్ళు చిట్లించాయి.

"దయ్యం పట్టిందే దీనికి," అంది అక్క లోపల్నుంచి.

టెస్టరమ్మ కొప్పులోంచి ల్యాంపు లాగింది. క్లిప్పు బ్యాటరీ ప్లస్సుకి తగిలించి, సూదిని లైటు కూర్చునే చోట ఆనించింది. వెలగలేదు. సూదితో కాస్త గీకింది. భగ్గున వెలిగింది. ఆవిడ మొహం కూడా వెలిగింది.

"దయ్యం కాదే, మీ ఆయన పట్టాడు."

"నేనేం చేశాను?" అన్నాడు బావ.

"కరెంటు వైర్లోంచి వస్తుంది బావా. తిరిగి వెళ్ళేది మాత్రం కారు ఒంటి మీదుగానే. ఇనుమూ ఇనుమూ తగిల్తేనే దారి. లైటు కింద కూడా మూడు పూతలు వేసి దారి మూసేశారు. అసలక్కడ ఎవరు చూస్తారని?"

"నేను చూస్తాను కదా!"

 గరుకు కాగితం ఆయనే తీసుకున్నాడు. "గీకితే నేనే గీకుతాను, నువ్వు ముట్టుకోకు," అన్నాడు. సూది వేయించుకుంటున్న పిల్లాణ్ణి పట్టుకున్న తండ్రిలా మొహం పక్కకి తిప్పుకుని గీకాడు. మరదలు ఊరుకుంటుందా? "ఈయన్ని వదిలేస్తే తాళంకప్పకి కూడా మూడు పూతలు వేసి, తాళంచెవి దూరట్లేదని మన మీద పడతాడే అక్కా," అని ఒకటే ఎత్తిపొడుపు. ఆయన కుక్కిన పేనులా పడి ఉన్నాడు. ముందు దీపాలు రెండూ ధగధగలాడుతూ వెలిగాయి. వెనక ఎడమది వెలిగింది.

కుడిది వెలగలేదు.

"చాలినట్టు లేదు," అన్నాడు బావ. లైటు కింద ఇనుము తెల్లగా తేలేదాకా గీకాడు. అయినా వెలగలేదు. "అంచు దాకా తీసేస్తాను. కనపడితే కనపడనీ. కారు బతకాలి కదా," అని మడ్‌గార్డు వంపు మీద కాగితం పెట్టాడు. ఆ వంపు మీద వెలుగు నీళ్ళలా జారాలని ఆయన వారం రోజులు రుద్దిన సంగతి అందరికీ తెలుసు.

ఈలోగా ఆవిడ సూదిని బల్బు హోల్డరు లోపల ఆనించింది. చుక్క వెలుగు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి. మిగతా హోల్డర్లన్నీ కొత్తవి. ఈ ఒక్కటే నాన్న నాటిది, పారేయబుద్ధికాక మెరిసేదాకా తోమింది. మళ్ళీ నల్లబడకూడదని లోపల పల్చగా వార్నిషు పూసింది. కంటికి కనపడని వార్నిషు. పొద్దున్నుంచీ బావని ఏ తప్పుకి ఆడిపోసుకుందో, సరిగ్గా అదే తప్పు.

నోరు మూసుకుంటే చాలు. ఆయన అక్కడ గీకుతుంటే తను లోపల సూదితో నాలుగు గీతలు గీస్తుంది, లైటు వెలుగుతుంది, నేరం రంగు మీదికే పోతుంది. ఎవరికీ తెలియదు.  ఆయన చెయ్యి కదలబోయింది.

"ఆగండి బావా! తప్పు నాది. హోల్డర్లో వార్నిషు పూశాను."

 బావ నెమ్మదిగా లేచి, హోల్డర్లోకి తొంగిచూశాడు.

"ఎన్ని పూతలు?"

"ఒకటే," అంది, తల ఎత్తకుండా.

"ఒక్క పూత ఏ మూలకి? వార్నిషు అన్నాక రెండు పడాలి," అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మీ ఇద్దరి సరసాలూ అయితే చెప్పండి. బ్రేకు మీద కాలు తిమ్మిరెక్కి చచ్చింది," అంది అక్క.

మర్నాడు తనిఖీ అధికారి కారు చుట్టూ తిరిగి, బ్రేకు అన్నాడు, ఇండికేటరన్నాడు, చివరికి కాగితం మీద ముద్ర కొట్టాడు. అక్కకి నేల మీద కాళ్ళు నిలవలేదు. ఆ సంతోషంలో మొగుణ్ణీ చెల్లెల్నీ ఎక్కించుకోవాలన్న ధ్యాసే లేకుండా కారు తోలుకుని గేటు దాటిపోయింది. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు. మలుపు దగ్గర అక్క బ్రేకు తొక్కింది. ఆకుపచ్చ మీద రెండు ఎర్రదీపాలు ఒక్కసారి వెలిగాయి.

"కుడిదే కొంచెం బాగా వెలుగుతోంది కదూ," అన్నాడు బావ.

రెండూ ఒకేలా వెలుగుతున్నాయని టెస్టరమ్మకి తెలుసు. అయినా కాదనలేదు.